గండం గడిచిందనుకున్న తర్వాత

ఆపరేషన్ సవ్యంగా జరిగిందన్న మాట వినగానే మేము చేసిన మొదటి పని, ఆసుపత్రి వరండాలో ఒక మూల అల్లాహ్ సన్నిధిలో కృతజ్ఞతా సజ్దా చేయడం. రెండవ పని, బంధువులందరికీ ఫోన్లు చేసి "గండం గడిచింది, అల్‌హందులిల్లాహ్" అని చెప్పడం. మొదటిది సరైనదే. రెండవది తొందరపాటని కొద్ది గంటల్లోనే తెలిసివచ్చింది. ఆ తొందరపాటునూ, ఆ తర్వాత మేము చేసిన అంతకంటే పెద్ద పొరపాటునూ పాఠకుల ముందుంచడానికి కారణముంది. ఇటువంటి ఘడియ ఏ ఇంటికైనా రావచ్చు. ఆ ఘడియలో ఇంటి పెద్ద నోటి నుంచి వెలువడే మాటపై ఒక ప్రాణం ఆధారపడవచ్చు.

గత సంవత్సరం షాబాన్ మాసం మొదటి వారంలో ఈ సంఘటన జరిగింది. మదర్సాలో వార్షిక పరీక్షలకు సన్నాహాలు సాగుతున్నాయి. మా చెల్లెలిది నంద్యాల ప్రాంతంలోని ఒక పల్లె. వయసు నలభై ఎనిమిది. ఫజ్ర్ నమాజు కోసం వుజూ చేస్తూ "తలలో ఏదో పగిలింది" అని ఒక్క కేక వేసి కూలబడిపోయింది. వెంటనే వాంతులు మొదలయ్యాయి. మెడ బిగుసుకుపోయింది. మగత కమ్మింది. ఇరుగుపొరుగులో ఒకరు దిష్టి అన్నారు, మరొకరు పైత్యమన్నారు. మేము కూడా ఫోనులోనే కొన్ని ఆయతులు పఠించి, నీటిపై ఊది తాగించమని చెప్పాము. మా బావ మాత్రం ఎవరి మాటకూ ఆగలేదు. దొరికిన వాహనంలో ఆమెను కర్నూలుకు తీసుకెళ్ళారు. స్కానింగులో మెదడు చుట్టూ రక్తం కనిపించింది. అక్కడి నుంచి హైదరాబాదుకు తరలించారు. ఆ ఉదయం ఆయన చూపిన తొందర అల్లాహ్ కారుణ్యమేనని ఇప్పుడు భావిస్తున్నాము.

మెదడుకు రక్తాన్ని చేర్చే నాళాల గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. దానినే వైద్యులు ఎన్యూరిజం అంటారు. అది చాలామందిలో ఏ బాధా కలిగించకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. పగిలిన క్షణంలో మాత్రం పిడుగు పడినట్లు తలనొప్పి వస్తుంది. దానిని సరిచేసే మార్గాలు ముఖ్యంగా రెండు. పుర్రె తెరిచి బుడగ మెడకు క్లిప్పు బిగించడం మొదటిది. అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1937లో ఈ పద్ధతికి శ్రీకారం చుట్టాడు. రెండవది, గజ్జల వద్ద ధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి, దాని గుండా ప్లాటినం తీగచుట్టలను బుడగలోకి చేర్చి నింపడం. దీనిని కాయిలింగ్ అంటారు. ఇది 1990వ దశకం నుంచి వ్యాపించింది. మా చెల్లెలికి రెండవ పద్ధతిలో, రెండవ రోజున చికిత్స జరిగింది. మేము సజ్దా చేసింది అప్పుడే.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఐ.సి.యు. బాధ్యతలు చూసే మత్తు వైద్యురాలు మమ్మల్ని పిలిచారు. "మౌలానా గారూ, మళ్ళీ రక్తం కారకుండా ద్వారం మూశాము. కానీ ఇప్పటికే కారిన రక్తం మెదడు చుట్టూ అలాగే ఉంది. మూడవ రోజు మొదలుకొని పద్నాలుగవ రోజు దాకా అదే మనకు శత్రువు. మీరు ఊరికి వెళ్ళకుండా ఉంటే మంచిది" అన్నారు.

ఆమె వివరించిన సంగతి ఇది. పేరుకున్న రక్తం విచ్ఛిన్నమవుతున్న కొద్దీ దానిలోని పదార్థాలు నాళాల గోడలను రెచ్చగొడతాయి. నాళాలు బిగుసుకుపోతాయి. దీనినే వాసోస్పాజం అంటారు. ఇటువంటి రోగులలో సుమారు మూడింట రెండు వంతుల మందికి ఎంతోకొంత బిగుతు పరీక్షల్లో కనిపిస్తుంది. సుమారు మూడింట ఒక వంతు మందిలో అది మెదడుకు రక్తం అందకుండా చేసి, పక్షవాతం దాకా తీసుకుపోగలదు. ఆపరేషన్‌ను జయించినవారు కూడా ఈ రోజుల్లో ఓడిపోవచ్చు.

మా బావ రైతు. కర్నూలు-కడప కాలువ కింద ఆయన పొలం ఉంది. ఈ మాటలేవీ ఆయనకు ఎక్కలేదు. అప్పుడు మా మేనకోడలు, "అబ్బా, గండి పూడ్చేశారు. కానీ కాలువే ఇరుకైపోతే చివరి ఆయకట్టుకు నీళ్ళు అందుతాయా? అమ్మ తలలో ఇప్పుడు అదే భయం" అని చెప్పింది. ఆయన తల వంచుకున్నారు. చివరి ఆయకట్టు ఎండడమంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

నిమోడిపిన్ అనే మందును నాలుగు గంటలకొకసారి, రాత్రింబవళ్ళు, ఇరవై ఒక్క రోజులు ఇవ్వాలన్నారు. శరీరంలో నీరు తగ్గకుండా చూశారు. కణతల వద్ద డాప్లర్ యంత్రం పెట్టి, నాళాల్లో రక్తం పరుగు వేగాన్ని రోజూ కొలిచారు. నాళం ఇరుకైతే అందులో రక్తవేగం పెరుగుతుంది. గొట్టం కొనను వేలితో నొక్కితే నీరు చిమ్మినట్లు. నాలుగవ రోజు, అయిదవ రోజు అంకెలు మెల్లగా పెరిగాయి. ఆరవ రోజు అస్ర్ వేళ ఆమెను చూడడానికి లోపలికి వెళ్ళాము. మాట తడబడుతున్నది. ఎడమ చేతిలోకి నీళ్ళ గ్లాసు అందించబోతే వేళ్ళు పట్టుకోలేదు. గ్లాసు పక్క మీద ఒరిగిపోయింది. ఆమె మా ముఖంలోకి చూసి "భాయీజాన్, చెయ్యి నాది కాదు" అన్నది.

వైద్యురాలు వెంటనే రక్తపోటును కొంత పెంచే మందు ప్రారంభించారు. దానితో నెమ్మదించకపోతే మళ్ళీ గొట్టం పంపి నాళంలోనే మందు వదలవలసి ఉంటుందన్నారు. వీటితోపాటు మరొకటి చేయవచ్చని సూచించారు. మెడ ముందు భాగంలో, కింది వైపున, ఒక నరాల ముడి ఉంటుంది. నక్షత్రం ఆకారాన్ని బట్టి దానికి స్టెలేట్ గాంగ్లియన్ అని పేరు. శరీరాన్ని అప్రమత్తం చేసే సింపథెటిక్ నరాల ముడి అది. తల, ముఖం, చేతి వైపు నాళాలను బిగించే ఆదేశాలు దాని మీదుగా వెళతాయి. ఆ ముడి చుట్టూ స్థానికంగా మొద్దుబార్చే మందు కొద్దిగా వదిలితే ఆ ఆదేశాలు కొన్ని గంటలు నిలిచిపోతాయి. నాళాలు కొంత వదులై మెదడుకు రక్తం మెరుగ్గా అందవచ్చు. దీనిని నర్వ్ బ్లాక్ అంటారు. రోగిని మంచం మీద నుంచి కదిలించకుండానే ఇవ్వవచ్చు.

ప్రమాదాలను కూడా ఆమె దాచలేదు. పక్కనే పెద్ద రక్తనాళాలు ఉంటాయి. మందు వాటిలోకి పోతే మూర్ఛ రావచ్చు. ఊపిరితిత్తి పొరకు సూది తగలవచ్చు. గొంతు కొంతసేపు బొంగురుపోవచ్చు. అందుకే అల్ట్రాసౌండు తెరపై చూస్తూ సూది దింపుతారు. రెండు వైపులా ఒకేసారి ఇవ్వరు.

మేము అడిగాము: "ఇది తప్పకుండా పని చేస్తుందా?"

"తప్పకుండా అని చెప్పలేను. ఇప్పటి దాకా జరిగినవి చిన్న అధ్యయనాలు. ఢిల్లీ ఎయిమ్స్ మత్తు వైద్యులు 2011లో ఒక ప్రాథమిక అధ్యయనం ప్రచురించారు. చైనాలోనూ ప్రయత్నాలు జరిగాయి. నాళాల్లో వేగం తగ్గినట్లు కనిపించింది. కానీ రోగి చివరికి ఎంత మేలు పొందుతాడన్నది తేల్చడానికి పెద్ద అధ్యయనాలు కావాలి. మిగతా చికిత్సలు ఆపము. వాటికి ఇది తోడు మాత్రమే. ఆమె పరిస్థితిలో హాని కంటే మేలుకే అవకాశం ఎక్కువని నా అంచనా."

సంతకం చేయవలసినవారు మా బావ. ఆయన కాగితాన్ని మా చేతిలో పెట్టి, "మీరు చదువుకున్నవారు. మీరెలా అంటే అలా" అన్నారు. మేము కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "ఖచ్చితంగా తెలియని దాని కోసం మెడలో సూది ఎందుకు? అల్లాహ్‌పై భారం వేద్దాం. రేపు చూద్దాం" అన్నాము. అందరూ తల ఊపారు. మేనకోడలు ఒక్కతే మా వైపు చూసి, ఏమీ అనకుండా కిటికీ వైపు తిరిగింది.

ఇదే మేము చెప్పదలచిన పొరపాటు. దానికి ఆ పూట మేము పెట్టిన పేరు తవక్కుల్. దాని అసలు పేరు భయం. సంతకం చేశాక ఏదైనా కీడు జరిగితే "మౌలానా చెప్పాడు కనుకనే" అని రేపు నలుగురూ అంటారేమోనన్న భయం. చెల్లెలి ప్రాణం కంటే మా పేరు ఒక రాత్రి పాటు మాకు బరువైంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉన్నది. రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తహజ్జుద్ చేసుకుందామని మెట్ల మలుపు వద్ద కొంచెం చోటు చూసుకున్నాము. ఖిబ్లా ఏ వైపో తెలియలేదు. ఫోనులో ఛార్జింగు అయిపోయింది. అడుగుదామంటే మనిషి అలికిడి లేదు. సాయంత్రం సూర్యుడు ఏ కిటికీలో కుంగాడో గుర్తు తెచ్చుకొని, మనసు ఎక్కువగా మొగ్గిన వైపుకు తిరిగి చేతులు కట్టుకున్నాము. సలామ్ చెప్పి ముగించగానే ఒక ఆలోచన గుండెలో గుచ్చుకున్నది.

ఈ మస్‌అలాను మేము ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నాము. చీకటిలో దిక్కు తెలియనివాడు, చెప్పేవారెవరూ లేనప్పుడు, తనకున్న ఆనవాళ్ళతో శక్తి మేరకు ఆలోచించి ఒక వైపుకు తిరగాలి. దానినే తహర్రీ అంటారు. తర్వాత ఆ దిక్కు తప్పని తేలినా అతని నమాజు చెల్లుతుందని మన హనఫీ ఫుఖహా తీర్పు. నిశ్చయం కలిగేదాకా నమాజే చేయనని కూర్చోవడానికి మాత్రం అతనికి అనుమతి లేదు. నమాజులో ఏ బలమైన అంచనాతో అల్లాహ్ ముందు నిలబడ్డామో, ఆ పాటి అంచనాను చెల్లెలి వైద్యంలో ఎందుకు తోసిపుచ్చాము?

ఔరంగజేబు కాలంలో, 17వ శతాబ్దంలో, షేఖ్ నిజాం బుర్హాన్‌పురీ నాయకత్వాన ఉలమా బృందం కూర్చిన ఫతావా ఆలంగీరీలో చికిత్సకు సంబంధించిన అధ్యాయం గుర్తుకు వచ్చింది. హానిని తొలగించే సాధనాలను అక్కడ మూడు తరగతులుగా విభజించారు. దాహానికి నీరు, ఆకలికి రొట్టె వంటివి నిశ్చితమైనవి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వీటిని వదలడం తవక్కుల్ కానే కాదు, నిషిద్ధం. వైద్యంలోని సాధారణ చికిత్సలన్నీ రెండవ తరగతి. అవి బలమైన అంచనాపై ఆధారపడినవి. వాటిని చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. వాత పెట్టడం, మంత్రించి ఊదడం వంటివి మూడవ తరగతి. వాటి ఫలితం ఊహామాత్రం.

ధర్మసమ్మతమైన రుఖ్యాకు హదీసులలో స్థానమున్నది. దానిని మేము తిరస్కరించడం లేదు. కానీ మా వరస చూడండి. మూడవ తరగతి సాధనాన్ని ఏ సందేహమూ లేకుండా మొదటి రోజే ఫోనులో వాడాము. రెండవ తరగతి సాధనం ఎదురైతే, దాని నుంచి మొదటి తరగతి నిశ్చయాన్ని కోరాము.

మరొక సంగతి కూడా ఆ రాత్రే తట్టింది. మా వృత్తి హదీసు బోధన. ఒక ఉల్లేఖనం సహీహ్, ఇంకొకటి హసన్, మరొకటి జయీఫ్ అని వేరు చేయడం మాకు నిత్యకృత్యం. "ఈ పరంపరలో బలహీనత ఉన్నది" అని నిర్మొహమాటంగా చెప్పిన ముహద్దిసునే మనం విశ్వసనీయుడంటాము. దొరికిందల్లా ఖచ్చితమని చెప్పేవాడిని నమ్మము. ఆ వైద్యురాలు చేసిందీ అదే. తన చేతిలోని ఆధారం ఎంత బలమైనదో, ఎక్కడ బలహీనమైనదో దాచకుండా తూచి చెప్పారు. మా విద్యలో మేము గౌరవించే నిజాయితీ ఆమె విద్యలో కనిపించగానే దానిని లోపమనుకున్నాము. ఆమె "తప్పక నయమవుతుంది" అని అబద్ధమాడి ఉంటే ఆ సాయంత్రమే సంతకం చేయించేవారమేమో!

చికిత్స చేయించుకోవాలా అని ఎడారివాసులు అడిగినప్పుడు, చేయించుకోమని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించిన విషయం ఉసామా బిన్ షరీక్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖనంగా అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. చికిత్సలన్నీ నిశ్చితమైతేనే అన్న షరతు అందులో లేదు.

ఫజ్ర్ నమాజు ముగియగానే మా బావను లేపి, మా తప్పు ఒప్పుకొని, కాగితం ఆయన చేతిలో పెట్టాము. ఆయన సంతకం చేశారు. మెదడులో బిగుసుకున్న నాళం కుడి వైపుది. శరీరపు ఎడమ భాగాన్ని నడిపేది మెదడు కుడి భాగమే కనుక, మెడలో కుడి వైపున సూది వేశారు. అంతా కలిపి అరగంట పట్టలేదు.

తర్వాత మమ్మల్ని లోపలికి అనుమతించారు. మా గుండె ఆగినంత పనైంది. ఆమె కుడి కనురెప్ప వాలిపోయి ఉన్నది. కన్ను ఎర్రబడింది. కుడి చెంప వెచ్చగా ఉన్నది. ముఖానికి కూడా పక్షవాతం వచ్చిందనుకొని మా బావ గోడకు చేరగిలబడ్డారు. నర్సమ్మ చిరునవ్వుతో, "భయపడకండి. రెప్ప వాలడం, కనుపాప చిన్నదవడం, ఇవన్నీ మందు సరైన చోట పడిందనడానికి గుర్తులు. కొన్ని గంటల్లో పోతాయి" అని చెప్పింది. బ్లాక్ ఇచ్చిన సమయాన్నీ, కనుపాప పరిమాణాన్నీ చార్టులో రాసి ఉంచారు. మెదడు పరిస్థితిని కనుపాపలను బట్టి గమనిస్తారు. రాసి పెట్టకపోతే తర్వాతి షిఫ్టులో వచ్చినవారు పొరబడే ప్రమాదమున్నది. ఆ గుర్తుల గురించి వైద్యురాలు ముందు రోజే చెప్పబోయారు. వినే స్థితిలో మేము లేము.

మధ్యాహ్నానికి డాప్లర్ అంకెలు కొంత దిగాయి. సాయంత్రానికి మాటలో తడబాటు తగ్గింది. మరుసటి రోజు బ్లాక్ మళ్ళీ ఇచ్చారు. తొమ్మిదవ రోజున ఆమె ఎడమ చేతి వేళ్ళు మేనకోడలి వేళ్ళను నెమ్మదిగా పట్టుకున్నాయి. ఇందులో బ్లాక్ వాటా ఎంత, రక్తపోటు మందు వాటా ఎంత, నిమోడిపిన్ వాటా ఎంత అన్నది విడదీసి చెప్పలేమని వైద్యురాలు అన్నారు. స్వస్థత నిచ్చినవాడు అల్లాహ్. ఆయన సాధనాల ద్వారానే ఇచ్చాడు.

పద్దెనిమిదవ రోజున ఇంటికి పంపారు. మిగిలిన నిమోడిపిన్ మాత్రలు ఇరవై ఒకటవ రోజు దాకా, రాత్రి అలారం పెట్టుకొని మరీ మేనకోడలు వేసింది. కొద్ది రోజులకే రమజాను వచ్చింది. ఉపవాసం ఉంటానని చెల్లెలు పట్టుబట్టింది. వైద్యులు వద్దన్నారు. రోగికి ఆ సడలింపునిచ్చింది స్వయంగా దివ్య ఖుర్ఆనేనని చెప్పి మేము కూడా ఆపాము. ఈసారి మాట ఆలస్యం చేయలేదు. కోలుకున్నాక ఆ ఉపవాసాలను ఆమె ఒక్కొక్కటిగా ఖజా చేసుకున్నది.

ఆమె నడుస్తున్నది, వంట చేస్తున్నది, నమాజు చేస్తున్నది. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళలో మాత్రం పట్టు పూర్తిగా రాలేదు. రొట్టెల పిండి పిసికేటప్పుడు అది కనిపిస్తుంది. మేము ఆపిన ఆ ఒక్క రాత్రి వల్లనే ఇలా మిగిలిందా అని వైద్యురాలిని అడిగాము. "చెప్పలేను మౌలానా గారూ. అవునని అన్నా, కాదని అన్నా అది నాకు తెలియని విషయం అవుతుంది" అన్నారు. మా చెల్లెలిని క్షమాపణ అడిగాము. "మీరు దుఆ చేశారు కదా భాయీజాన్" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు మా తప్పును కడగలేదు. అల్లాహ్ క్షమించుగాక.

పాఠకులకు మా మనవి ఇది. జీవితంలో ఎన్నడూ ఎరుగనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే దిష్టి తీయడానికి ఆగకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. రక్తపోటును అదుపులో ఉంచుకోండి. పొగాకును విడిచిపెట్టండి. ఈ జబ్బుకు ఆ రెండూ దారులు తీస్తాయి. బుడగను మూసిన తర్వాత సజ్దా చేయండి, కానీ రెండు వారాల దాకా ఏమరుపాటు పనికిరాదు. మాట, చెయ్యి, మెలకువ, వీటిలో ఏ మార్పు కనిపించినా వెంటనే చెప్పండి. వైద్యుడు ఒక చికిత్సను సూచిస్తే దాని మేలు, కీడు, ఆధారం బలం, ప్రత్యామ్నాయం అడిగి తెలుసుకోండి. "ఖచ్చితమని చెప్పలేను" అన్నవారిపై విశ్వాసం తగ్గించుకోకండి. మీ మాటకు ఇంటిల్లిపాదీ తల ఊపుతుంటే మరింత భయపడండి. కిటికీ వైపు తిరిగిన ఆడబిడ్డను పిలిచి, ఆమె ఏమనుకుంటున్నదో అడగండి.

తవక్కుల్ అంటే శక్తి మేరకు ఆలోచించి, బలమైన అంచనా వైపు అడుగు వేసి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడం. అడుగు వేయకుండా జేబులో కాగితం మడిచి పెట్టుకోవడాన్ని ఆ పేరుతో పిలిచే హక్కు మనకు లేదు. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక. వారి తరఫున మాట్లాడవలసి వచ్చిన పెద్దలకు వివేకాన్నీ, భయాన్ని భయమని ఒప్పుకోగల ధైర్యాన్నీ అనుగ్రహించుగాక. ఆమీన్.